1952లో స్నూకర్ ప్రపంచ చాంపియన్ ఎవరు?

స్నూకర్ ప్రపంచ చాంపియన్ల జాబితాలు రెండు మూడు పక్కపక్కన పెట్టుకుని 1952 దగ్గర ఆగండి. ఒకదాంట్లో ఆస్ట్రేలియా ఆటగాడు హొరేస్ లిండ్రమ్ పేరు ఉంటుంది. ఇంకోదాంట్లో ఇంగ్లండ్ ఆటగాడు ఫ్రెడ్ డేవిస్ పేరు ఉంటుంది. మరోదాంట్లో రెండు పేర్లూ వేసి, ఒకదాని పక్కన చుక్క పెట్టి, అడుగున చిన్న అక్షరాల్లో ఏదో రాసి ఉంటుంది. ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్ అనే పేరుతో రెండు పోటీలు జరిగాయి. ఒకదాన్ని లిండ్రమ్ గెలిచాడు, రెండోదాన్ని ఫ్రెడ్ గెలిచాడు.

నాకు ఈ కథ మీద మొదట్నుంచీ ఇష్టం. స్నూకర్ చరిత్ర అనగానే అందరూ 1985 ఫైనల్లో డెనిస్ టేలర్ ఆఖరి నల్లబంతి వేసి స్టీవ్ డేవిస్‌ని ఓడించిన రాత్రి గురించి చెప్తారు. అది చెప్పుకోదగ్గదే. కానీ ఈ ఆట దాదాపు చచ్చిపోయి మళ్ళీ బతికిందన్న సంగతి అర్థం కావాలంటే 1952కే వెళ్ళాలి. అక్కడి చిక్కుముడి విప్పాలంటే ఇంకా పాతికేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

మొదటినుంచీ డబ్బు గొడవే

స్నూకర్ పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో ఉన్న బ్రిటిష్ సైనికాధికారి నెవిల్ చాంబర్లేన్ ఈ ఆటకి రూపమిచ్చాడు. తర్వాత ఊటీ క్లబ్బులో దీని నియమాలు రాసి గోడకి పెట్టారు. అయితే ఇంగ్లండ్‌లో దీన్ని చాలాకాలం సరదా ఆటగానే చూశారు. డబ్బు పెట్టి చూసే ఆటంటే బిలియర్డ్సే. అక్కడ రెంటినీ నడిపేది బిలియర్డ్స్ అసోసియేషన్ అండ్ కంట్రోల్ కౌన్సిల్. పేరు పొడుగు కాబట్టి ఇకనుంచి కౌన్సిల్ అనే అంటాను.

టామ్ డెనిస్ అనే ఆటగాడు 1924లోనే ప్రొఫెషనల్స్‌కి స్నూకర్ పోటీ పెట్టమని కౌన్సిల్‌ని అడిగాడు. జనం డబ్బిచ్చి చూసేంత ఆకర్షణ ఈ ఆటకి ఉందా అని కౌన్సిల్ సందేహపడింది. చివరికి జో డేవిస్ అనే యువకుడు, బర్మింగ్‌హామ్‌లో బిలియర్డ్స్ హాళ్ళు నడిపే బిల్ క్యాంకిన్ కలిసి ఒప్పించారు. పదిమంది పేర్లిచ్చారు. 1927 మేలో క్యాంకిన్ హాల్లో జరిగిన ఫైనల్లో జో, డెనిస్‌ని 20–11తో ఓడించి మొదటి చాంపియన్ అయ్యాడు.

గెలిచినందుకు అతని చేతికి వచ్చింది ఆరు పౌండ్ల పది షిల్లింగులు. ఎంట్రీ ఫీజుల్లో ఆటగాళ్ళకి రావాల్సిన సగం పెట్టి కౌన్సిల్ వెండి ట్రోఫీ కొనేసింది. ఈరోజుకీ షెఫీల్డ్‌లో చాంపియన్ ఎత్తి చూపించేది ఆ ట్రోఫీనే. పైన చిన్న గొర్రెలకాపరి అమ్మాయి బొమ్మ ఉంటుంది, టీవీలో గమనించే ఉంటారు. అంటే ట్రోఫీ ఆటగాళ్ళ డబ్బుతో వచ్చింది, పేరు మాత్రం కౌన్సిల్‌ది. పాతికేళ్ళ తర్వాత పేలిన గొడవకి విత్తనం ఇక్కడే పడింది.

1931లో ఏం జరిగిందో కూడా గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది. ఆ ఏడాది ఎంట్రీ ఇచ్చింది ఇద్దరే: మళ్ళీ జో, మళ్ళీ డెనిస్. నాటింగ్‌హామ్‌లో ఒక్క మ్యాచ్ ఆడారు, జో 25–21తో గెలిచాడు. ఆ టైటిల్ పక్కన ఇంతవరకూ ఎవరూ చుక్క పెట్టలేదు.

చాంపియన్‌కన్నా పెద్దమనిషి

1927 నుంచి 1940 దాకా ప్రతి ఏడాదీ జో డేవిసే గెలిచాడు. యుద్ధం వల్ల ఐదేళ్ళు పోటీ జరగలేదు. 1946లో మళ్ళీ పెడితే, 145 ఫ్రేముల ఫైనల్లో హొరేస్ లిండ్రమ్‌ని 78–67తో ఓడించి పదిహేనోసారి గెలిచాడు. ఇక చాంపియన్‌షిప్ ఆడనన్నాడు. ఒక్కసారి కూడా ఓడకుండా పక్కకి తప్పుకున్నాడు.

స్నూకర్ పార్లర్‌లో ఓడినవాడు టేబుల్ డబ్బు కట్టాలన్న షరతుతో ఆడిన అలవాటు మీకుంటే ఫ్రేమ్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. అలవాటు లేనివాళ్ళకి ఒక్క మాట: పదిహేను ఎర్ర బంతులు, ఆరు రంగు బంతులు బల్ల మీద పేర్చిన దగ్గర్నుంచి అన్నీ గుంతల్లో పడేదాకా ఒక ఫ్రేమ్. ఇప్పటి ఫైనల్లో 18 ఫ్రేములు ముందు గెలిచినవాడు విజేత. అప్పట్లో 73 గెలవాలి. అలాంటి మ్యాచ్ రెండు వారాలు సాగేది. రోజూ మధ్యాహ్నం ఒక ఆట, సాయంత్రం ఒక ఆట. టికెట్లు ముందే అమ్మేసి ఉంటారు కాబట్టి, ఒకడు 73 కొట్టేసినా మిగతా ఫ్రేములు ఆడాల్సిందే. ఆ స్కోర్లు చూసి కళ్ళు తిరిగేది అందుకే.

జో తప్పుకోవడంతో అసలు సమస్య మొదలైంది. అతను చాంపియన్‌షిప్ ఆడటం మానేశాడు గానీ ఆట మానలేదు. ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడేవాడు, ఎదుటివాళ్ళకి ముందే కొన్ని పాయింట్లిచ్చి హ్యాండికాప్ పోటీల్లో దిగేవాడు. సమానంగా ఆడి అతన్ని ఓడించగలిగింది సొంత తమ్ముడు ఫ్రెడ్ ఒక్కడే. ప్రొఫెషనల్ ఆటగాళ్ళ సంఘానికి ఛైర్మన్ జో. స్నూకర్‌కి గుండెకాయలాంటి లండన్ లెస్టర్ స్క్వేర్ హాల్‌ని లీజుకు తీసుకున్నవాళ్ళలో కూడా జో ఒకడు. కాబట్టి ఎవరు చాంపియనైనా జనం మనసులో 'జో ఆడుంటే?' అన్న ప్రశ్న ఉండేది. కిరీటం ఒకరి నెత్తిన, గౌరవం ఇంకొకరి దగ్గర.

ఆ పరిస్థితిలోనూ ఇద్దరు మనుషులు ఈ చాంపియన్‌షిప్‌ని భుజాన మోశారు. ఒకడు ఫ్రెడ్ డేవిస్, జో కన్నా పన్నెండేళ్ళు చిన్న. చూపు సరిగా ఆనక 1937లో ఒక అనామకుడి చేతిలో ఓడి, తర్వాత ప్రత్యేకంగా కళ్ళజోడు చేయించుకున్నాడు. బంతిని కొట్టే కర్ర, అంటే క్యూ, మీదికి వంగినప్పుడు మామూలు కళ్ళజోడైతే ఫ్రేమ్ అంచే అడ్డం వస్తుంది. అద్దాలు పైకి వంగేలా కీలు పెట్టించుకుంటే వంగి చూసినా బంతి అద్దం మధ్యలోంచే కనపడుతుంది. రెండోవాడు స్కాట్లండ్‌కి చెందిన వాల్టర్ డొనాల్డ్‌సన్. 1947 నుంచి 1951 వరకు ఐదు ఫైనల్స్ జరిగితే ఐదూ వీళ్ళిద్దరి మధ్యే. ఫ్రెడ్ మూడు, డొనాల్డ్‌సన్ రెండు గెలిచారు.

రెండు చాంపియన్‌షిప్పులు

1951 ఫైనల్ తర్వాత ఆటగాళ్ళ సంఘానికీ కౌన్సిల్‌కీ చెడింది. ఆట ఆడేది మేము, జనం వచ్చేది మమ్మల్ని చూడటానికి, వచ్చే డబ్బులో మాకు దక్కేది తక్కువ అన్నది ఆటగాళ్ళ వాదన. ప్రపంచ చాంపియన్‌షిప్ అంటే ముందు గౌరవం, డబ్బు మాట తర్వాత అన్నది కౌన్సిల్ వాదన. ఇంతకుమించి లోతు లేదు ఈ గొడవకి. ఆరు పౌండ్ల పది షిల్లింగుల నాటి లెక్కే మళ్ళీ పైకొచ్చింది.

ఆటగాళ్ళు బహిష్కరించారు. సొంతంగా ఇంకో పోటీ పెట్టుకున్నారు. ప్రపంచ చాంపియన్‌షిప్ అన్న పేరు కౌన్సిల్‌ది కాబట్టి మధ్యలో ఒక మాట చేర్చి 'ప్రపంచ ప్రొఫెషనల్ మ్యాచ్‌ప్లే చాంపియన్‌షిప్' అన్నారు. కౌన్సిల్ వెనక్కి తగ్గలేదు. తన పోటీ తాను పెట్టింది. దానికి వచ్చిన ఎంట్రీలు రెండే: ఆస్ట్రేలియా నుంచి హొరేస్ లిండ్రమ్, న్యూజిలాండ్ నుంచి క్లార్క్ మెక్‌కోనకీ.

మెక్‌కోనకీ అప్పటికి యాభై ఆరేళ్ళ మనిషి. బిలియర్డ్స్‌లో అప్పటి ప్రపంచ చాంపియన్ అతనే, గొప్ప ఆటగాడు. స్నూకర్‌లో మాత్రం అతను ప్రపంచ ఫైనల్ ఆడింది 1932లో, అంటే ఇరవై ఏళ్ళ కిందట. లిండ్రమ్ కథ వేరు. అతని మేనమామ వాల్టర్ లిండ్రమ్‌ని బిలియర్డ్స్‌లో అందరికన్నా గొప్పవాడంటారు. హొరేస్ స్నూకర్‌లో స్థిరపడి 1936, 1937, 1946 ఫైనల్స్‌లో మూడుసార్లూ జో చేతిలోనే ఓడాడు. 1937లో తేడా మూడే ఫ్రేములు, 32–29.

మాంచెస్టర్‌లోని హౌల్డ్‌స్‌వర్త్ హాల్లో 145 ఫ్రేముల మ్యాచ్ మొదలైంది. పోటీగా సాగలేదు. లిండ్రమ్ 73–37 దగ్గరే గెలిచేశాడు. అయినా ఆపడానికి లేదు, టికెట్లు కొన్నవాళ్ళున్నారు. ఫలితం తేలిపోయాక ఇంకో 33 ఫ్రేములు ఆడారు. రోజూ బో టై కట్టుకుని రావడం, క్యూ కొనకి సుద్ద రాసుకోవడం, దేనికీ లెక్కలోకి రాని బంతులు గుంతల్లో వేయడం. చివరికి 94–49 అని రాసుకున్నారు. మూడుసార్లు ఆఖరి మెట్టు మీద జారినవాడు ఎట్టకేలకి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. బ్రిటన్ బయటినుంచి వచ్చి ఆ టైటిల్ గెలిచిన మొదటివాడు. కానీ ఆ గెలుపుని ఆటగాళ్ళ లోకం ఒప్పుకోలేదు.

అదే ఏడాది బ్లాక్‌పూల్ టవర్ సర్కస్‌లో ఆటగాళ్ళ పోటీ ఫైనల్ జరిగింది. ఆడింది ఎవరనుకున్నారు? ఫ్రెడ్, డొనాల్డ్‌సన్. ఫ్రెడ్ 38–35తో గెలిచాడు. ఆఖరిదాకా టెన్షన్.

ఈ వివాదంలో నాకు అన్నిటికన్నా బలంగా కనిపించే ఆధారం ఇదే. 1947 నుంచి 1954 వరకు మ్యాచ్‌ప్లేతో కలిపి చూస్తే, ఎనిమిదేళ్ళూ ఫైనల్లో అదే ఇద్దరు. 1951లో ఒక గుడిలో, 1952లో ఇంకో గుడిలో ఉత్సవం జరిగినా ఊరేగింది అదే దేవుడు. పోటీ పేరు మారింది గానీ పోటీ మారలేదు.

మరి లిండ్రమ్‌ని కొట్టేయాలా? ఇక్కడే 1931ని గుర్తుచేసుకోమన్నది. ఇద్దరే ఆడారు కాబట్టి 1952 చెల్లదంటే, ఇద్దరే ఆడిన 1931 ఎలా చెల్లింది? కౌన్సిల్ నియమాల ప్రకారం రెండూ ఒకటే. తేడా ఒక్కటే, 1931లో ఆడిన ఇద్దరిలో ఒకడు అప్పటి అత్యుత్తమ ఆటగాడు. అంటే టైటిల్ చెల్లుతుందా లేదా అన్నది ఎంతమంది ఆడారన్న దాన్నిబట్టి కాదు, రాగలిగినవాళ్ళలో గొప్పవాడు వచ్చాడా లేదా అన్నదాన్నిబట్టి జనం తేల్చుకున్నారన్నమాట. మన దగ్గర 2007లో ఐసీఎల్ (ఇండియన్ క్రికెట్ లీగ్) వచ్చినప్పుడు అంబటి రాయుడు లాంటి క్రికెటర్లు క్రికెట్ బోర్డుని కాదని అందులో ఆడితే గుర్తింపు పోయింది, 2009లో క్షమాపణ పథకం కింద తిరిగొచ్చారు. అక్కడ బోర్డు బలం ముందు ఆటగాళ్ళు నిలవలేకపోయారు. స్నూకర్‌లో దీనికి తలకిందులు: ఆటగాళ్ళంతా ఒక పక్క, కౌన్సిల్ ఒంటరిగా ఇంకో పక్క.

ఒప్పుకోని 147

కౌన్సిల్ దగ్గర మిగిలింది ఒక్క ఆయుధం, ముద్ర వేయకపోవడం. 1955 జనవరి 22న దాన్ని వాడే అవకాశం వచ్చింది.

లెస్టర్ స్క్వేర్ హాల్ మూసేస్తున్న రోజులవి. వీడ్కోలుగా జో డేవిస్, పాత తరం ఆటగాడు విల్లీ స్మిత్ ఆడుతున్నారు. జో ఒక ఎరుపు, ఒక నలుపు, మళ్ళీ ఎరుపు, మళ్ళీ నలుపు అలా పదిహేను ఎరుపులూ పదిహేనుసార్లు నలుపూ వేసి, ఆ తర్వాత ఆరు రంగులూ వరసగా వేశాడు. 147 పాయింట్లు. ఒకే విడతలో చేయగలిగిన గరిష్ఠం. స్నూకర్ చరిత్రలో అధికారికంగా గుర్తింపు పొందిన మొదటి 147 అదే.

కానీ ఆ 'అధికారికంగా' అన్న మాట రావడానికి రెండేళ్ళు పట్టింది. కారణం ఏంటంటే, ప్రొఫెషనల్స్ అప్పటికి తమలో తాము ఒక నియమం పెట్టుకున్నారు: ఒకడు ఫౌల్ చేస్తే, నువ్వే మళ్ళీ ఆడు అని ఎదుటివాడు అనొచ్చు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ నియమంతోనే ఆడుతోంది. అప్పటి కౌన్సిల్ పుస్తకంలో మాత్రం అది లేదు. కాబట్టి ఆ మ్యాచ్ మా నియమాల ప్రకారం జరగలేదు, రికార్డు ఒప్పుకోం అన్నారు. 1957లో గానీ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఈ ఒక్క సంగతి చాలు, ఆ రోజుల్లో పంతం ఎంత దూరం వెళ్ళిందో తెలియడానికి.

ఏడేళ్ళ చీకటి

కౌన్సిల్ 1952 తర్వాత తన పోటీ మళ్ళీ పెట్టలేదు. గెలిచింది ఆటగాళ్ళే అనుకోవచ్చు. కానీ వాళ్ళు గెలుచుకున్న పోటీ వాళ్ళ చేతుల్లోనే కరిగిపోతూ వచ్చింది. జో లేని చాంపియన్‌షిప్, ఏటా అవే ముఖాలు, రెండేసి వారాల మ్యాచ్‌లు. లెస్టర్ స్క్వేర్ మూతపడ్డాక లండన్‌లో సరైన వేదిక కూడా లేకుండా పోయింది.

1954 ఫైనల్లో ఫ్రెడ్ చేతిలో 39–21తో ఓడాక డొనాల్డ్‌సన్ చాంపియన్‌షిప్‌కి దండం పెట్టేశాడు. ఇంట్లో తన బిలియర్డ్స్ గదిని పశువుల కొట్టంగా మార్చేశాడని, బల్లలోని పలకరాళ్ళు పగలగొట్టి నడవడానికి బాట పరిచాడని చెప్తారు. స్నూకర్ బల్ల పచ్చగుడ్డ కింద ఉండేది నున్నగా చెక్కిన పలకరాయి. అది వెంట్రుకవాసి ఎత్తుపల్లాలు లేకుండా ఉంటేనే బంతి నేరుగా పోతుంది. రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన మనిషి ఆ రాయి మీద బూట్లతో నడిచాడంటే, మనసు ఎంత విరిగిందో!

ఫ్రెడ్ 1955లోనూ 1956లోనూ జాన్ పుల్మన్‌ని ఓడించి వరసగా ఐదు మ్యాచ్‌ప్లే టైటిళ్ళు పూర్తి చేశాడు. 1957లో పోటీ జెర్సీ దీవికి పోయింది. నలుగురే వచ్చారు. ఫ్రెడ్ రాలేదు. పుల్మన్ ఫైనల్లో జాకీ రేని 39–34తో ఓడించాడు. ఆ తర్వాత ఏడేళ్ళు ప్రపంచ చాంపియన్‌షిప్ అనేదే జరగలేదు. జో 1959లో నారింజ, ఊదా రంగుల్లో రెండు బంతులు అదనంగా చేర్చి 'స్నూకర్ ప్లస్' అనే కొత్త ఆట తెచ్చాడు, జనం పట్టించుకోలేదు.

పుల్మన్ మాత్రం చాంపియన్‌గానే ఉండిపోయాడు. అతన్ని ఓడించడానికి పోటీ ఉంటే కదా.

1964లో రెక్స్ విలియమ్స్ అనే ఆటగాడు చొరవ తీసుకుని కౌన్సిల్‌తో రాజీ కుదిర్చాడు. ఈసారి బాక్సింగ్ పద్ధతి: చాంపియన్‌ని ఒకరు సవాలు చేస్తారు, ఒక్క మ్యాచ్, గెలిచినవాడు చాంపియన్. పుల్మన్ 1964 ఏప్రిల్‌లో ఫ్రెడ్‌ని 19–16తో ఆపాడు. 1965లో అదే ఫ్రెడ్‌ని 37–36తో ఆపాడు. ఆఖరి ఫ్రేమ్ అటు పోయుంటే ఈరోజు జాబితాలు ఇంకోలా ఉండేవి. ఆ ఒక్క ఏడాదిలోనే పుల్మన్ మూడుసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. 1968లో బోల్టన్‌లో ఎడీ చార్ల్‌టన్‌ని 39–34తో ఓడించడంతో సవాళ్ళ కాలం ముగిసింది.

మలుపు 1969లో వచ్చింది. సిగరెట్ కంపెనీ జాన్ ప్లేయర్ డబ్బు పెట్టింది, ఎనిమిది మందితో నాకౌట్ మళ్ళీ మొదలైంది. 1951 తర్వాత కొత్తగా ఎవరూ చేరని ప్రొఫెషనల్ లోకంలోకి జాన్ స్పెన్సర్, గేరీ ఓవెన్, రే రియర్డన్ వచ్చారు. ఓవెన్ 1963లో మన కలకత్తాలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ విజేత. స్పెన్సర్ దగ్గర ప్రవేశానికి కావాల్సిన వంద పౌండ్లు లేకపోతే బ్యాంకు మేనేజర్ దగ్గర అప్పు తీసుకున్నాడు. మొదటి రౌండ్లోనే పుల్మన్‌ని 25–18తో ఓడించి పదకొండేళ్ళ పాలనకి తెరదించాడు. ఫైనల్లో ఓవెన్‌ని ఓడించి చాంపియన్ అయ్యాడు. అదే ఏడాది జులైలో బీబీసీ రంగుల టీవీ కోసం 'పాట్ బ్లాక్' అనే స్నూకర్ కార్యక్రమం మొదలుపెట్టింది. రంగు బంతుల ఆటకి రంగుల టీవీ దొరికింది.

1952 నాటి గొడవ మాత్రం 1970 డిసెంబరులో ముగిసింది. ఆటగాళ్ళ సంఘం పేరు మార్చుకుని ప్రపంచ ప్రొఫెషనల్ బిలియర్డ్స్ అండ్ స్నూకర్ అసోసియేషన్ అయింది, కౌన్సిల్‌తో తెగతెంపులు చేసుకుంది. చాంపియన్‌షిప్ ఇక ఆటగాళ్ళదే.

లెక్క ఎలా వేయాలి

ఇప్పుడు జాబితాలు ఎందుకు కలవవో చూడండి. కౌన్సిల్ ముద్ర ఉన్నవే లెక్కేస్తే ఫ్రెడ్ డేవిస్‌కి మూడు టైటిళ్ళు. మ్యాచ్‌ప్లే కలిపితే ఎనిమిది. మూడంటే పదిమందిలో ఒకడు, ఎనిమిదంటే స్టీఫెన్ హెండ్రీ, రోనీ ఓసలివన్‌ల ఏడుకన్నా ఎక్కువ. పుల్మన్‌కి ఎనిమిది అంటారు, అందులో నాకౌట్ ఆడి గెలిచింది నలుగురు వచ్చిన 1957 ఒక్కటే. జో పదిహేనులో కొన్ని, చాంపియన్ కాబట్టి నేరుగా ఫైనల్ మాత్రమే ఆడి గెలిచినవి. ఈ తలనొప్పి వద్దనుకునేవాళ్ళు 1969 నుంచో, పోటీ షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌కి వెళ్ళిన 1977 నుంచో 'ఆధునిక యుగం' అని గీత గీసి లెక్క మొదలుపెడతారు. సులువైన దారే గానీ, ఆ గీతకి అవతల ఫ్రెడ్ కళ్ళజోడూ డొనాల్డ్‌సన్ పలకరాళ్ళూ ఉండిపోతాయి. అది నాకు నచ్చదు.

నన్నడిగితే 1952లో ప్రపంచంలో అత్యుత్తమ చాంపియన్‌షిప్ ఆటగాడు ఫ్రెడ్ డేవిస్. ఆ ఎనిమిదీ అతనివే. లిండ్రమ్ పేరు కూడా జాబితాలో ఉండాలి, అదీ చుక్క లేకుండా. అతను ఏ నియమమూ తప్పలేదు, ఎవర్నీ రావద్దనలేదు. పిలిచిన పోటీకి వచ్చి ఎదురుగా నిలబడినవాణ్ణి ఓడించాడు. గొడవ అతనిది కాదు. ఒక ఏడాదికి ఇద్దరు చాంపియన్లు ఉండటం చూడ్డానికి బాగోదు, నిజమే. కానీ జరిగింది అదే.

2010లో నీల్ రాబర్ట్‌సన్ ఫైనల్లో గ్రేమ్ డాట్‌ని 18–13తో ఓడించి ఆ గొర్రెలకాపరి అమ్మాయి ట్రోఫీని ఎత్తినప్పుడు ఈ ప్రశ్న మళ్ళీ లేచింది: ఆస్ట్రేలియా నుంచి ఇతను మొదటి ప్రపంచ చాంపియనా, రెండోవాడా? నా లెక్కలో రెండోవాడు. మొదటివాడు మాంచెస్టర్‌లో, గెలిచాక కూడా ఇంకో 33 ఫ్రేములు ఆడినవాడు.